ఉచిత డీఎన్ఎస్: వదిలే దారి చూసుకునే చేరాలి

ఇక్కడున్నవారిలో చాలామంది చిన్న వెబ్‌సైట్ల బాగోగులు చూసేవారే. బడి సైటో, దుకాణం సైటో, సాహిత్య పత్రికో నడిపేవారికి ‘డీఎన్ఎస్ ఎవరి దగ్గర పెట్టాలి, ఊరికే ఇచ్చేవాళ్లలో ఎవరు నయం’ అన్న ప్రశ్న ఏదో ఒకరోజు ఎదురవుతుంది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారన్న వెక్కిరింత మనకుంది కనుక ఉచితమనగానే కొందరికి అనుమానం. పెద్ద కంపెనీ ఇస్తోందంటే మరికొందరికి గుడ్డి నమ్మకం. నిజానికి ఇందులో మాయేమీ లేదు. డీఎన్ఎస్ జవాబు చాలా చిన్నది. 1987 నాటి ప్రమాణం యూడీపీలో దానికి 512 బైట్ల హద్దు పెట్టింది. చిన్న సైటును మోయడం పెద్ద కంపెనీకి లెక్కలోకి రాని ఖర్చు; రేపు అది ఎదిగి డబ్బు కట్టకపోతుందా అన్న ఆశా ఉంటుంది. కాబట్టి ఉచితాన్ని నిక్షేపంగా వాడుకోండి. అయితే ఆ సర్వీసు ఏమేమి ఇస్తుందో చూసే ముందు, దాన్ని వదలాల్సి వస్తే ఎంత తేలిగ్గా బయటపడగలమో చూడండి.

ఎందుకంటే వదలాల్సిన రోజు మనల్ని అడిగి రాదు. ఎవ్రీడీఎన్ఎస్ ఒకప్పుడు ఉచిత డీఎన్ఎస్‌లో పెద్ద పేరు. 2010 డిసెంబరులో వికీలీక్స్‌పై దాడులు జరుగుతుంటే, తనను నమ్ముకున్న దాదాపు 5 లక్షల ఇతర సైట్లకు ముప్పని చెప్పి ఆ డొమైన్‌కు సేవ ఆపేసింది. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఆ ఏడాది మొదట్లోనే డైన్ అనే కంపెనీ ఎవ్రీడీఎన్ఎస్‌ను కొనేసింది. 2011లో మూసేసి, వాడేవాళ్లను తన డబ్బు సర్వీసుకు రమ్మంది. 2014లో డైన్ సొంత ఉచిత సేవకూ అదే గతి పట్టింది. ఆ లక్షలమంది చేసిన తప్పేమీ లేదు. యజమాని మారాడు, లెక్కలు మారాయి, అంతే.

‘ఈ బాధంతా ఎందుకు, నాలుగు డబ్బులు పెట్టి కొనుక్కుంటే పోలా’ అంటారు. అమెజాన్ రూట్ 53లో ఒక జోన్‌కు, అంటే ఒక డొమైన్ రికార్డుల సముదాయానికి, నెలకు అర డాలరే. డబ్బు కడితే గట్టిగా అడిగే హక్కు వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ 2016 అక్టోబరు 21న మిరాయ్ బాట్‌నెట్ దాడికి కుదేలైంది ఆ డైనే. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. అవన్నీ చిల్లరకు వెనకాడే సంస్థలు కావు. బిల్లు కట్టినా రాని రక్షణ, మరో కంపెనీ నేమ్‌సర్వర్లను కూడా చేర్చుకుంటే వస్తుంది. నేమ్‌సర్వర్లన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంచొద్దని ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం 1997లోనే చెప్పింది.

ఈ దృష్టితో చూస్తే ఎంపిక తేలికవుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వేగానికి వంక పెట్టలేం. కానీ దాని ప్రాక్సీ, దారిమళ్లింపు నియమాలు కూడా అల్లుకుపోతే, వదిలేనాడు రికార్డులు వస్తాయి గాని అవి వెంట రావు. హరికేన్ ఎలక్ట్రిక్ 50 డొమైన్ల దాకా ఉచితంగా ఇస్తుంది. వేరేచోట ఉన్న జోన్‌కు సెకండరీగానూ నిలుస్తుంది. బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంస్థ డీసెక్ ప్రతి జోన్‌కూ డీఎన్ఎస్‌సెక్ సంతకం పెడుతుంది. ఏది పట్టుకున్నా జోన్ ఫైలు మొత్తం దించుకోనిస్తుందా అన్నది ముఖ్యం. కొత్త సర్వీసు మీ రికార్డులను తానే వెతుక్కుంటానంటుంది. మామూలు పేర్లు దొరుకుతాయి కూడా. మెయిల్ అసలైనదని చూపే డీకిమ్ రికార్డు పేరు మాత్రం సైటును బట్టి మారుతుంది, చాలాసార్లు ఊహకందదు. అది తప్పిపోతే సైటు చక్కగా తెరుచుకుంటుంది, మెయిళ్లేమో స్పామ్‌లో పడుతుంటాయి.

‘మాది చిన్న సైటు, ఒకపూట ఆగితే కొంపలేం మునగవు’ అన్నది ఇంకో వాదన. సైటు వరకు నిజమే. కానీ డొమైన్ పేరుతో వచ్చే మెయిళ్లకూ ఆ డీఎన్ఎస్సే ఆధారం. పాస్‌వర్డు మార్చుకునే లింకులు వచ్చేదీ ఆ మెయిల్‌కే. పైగా ఒకపూటతో పోకపోవచ్చు. డాట్‌కామ్ రిజిస్ట్రీ ఇచ్చే నేమ్‌సర్వర్ వివరాల టీటీఎల్ (వాటిని గుర్తుంచుకునే గడువు) 1,72,800 సెకన్లు, అంటే 2 రోజులు. మీరు మార్చేసినా కొన్ని రిజాల్వర్లు అంతసేపూ పాతచోటికే వెళ్తుంటాయి. అందుకని, అవసరం పడగానే నేమ్‌సర్వర్లు మార్చుకునేలా డొమైన్ రిజిస్ట్రేషన్ మీ పేరు మీద, డీఎన్ఎస్ ఇచ్చేది కాక వేరే కంపెనీలో, రెండంచెల లాగిన్‌తో ఉంచండి. రికార్డు మార్చినప్పుడల్లా జోన్ ఫైలు కాపీ దించుకోండి. ఇంత వీలిచ్చే సర్వీసైతే ఉచితమైనా నిశ్చింతగా చేరండి. ఇవ్వనిదైతే డబ్బు తీసుకునేదైనా వద్దు.