ముల్లు నిజం చెప్పాలంటే

జ్వరం వచ్చిన బిడ్డ నుదుటిని తాకగానే ఒళ్లు కాలుతున్నదని తల్లికి తెలుస్తుంది. అయినా వైద్యునికి చెప్పవలసి వచ్చినప్పుడు ఆమె థర్మామీటరునే ఆశ్రయిస్తుంది. గంట క్రిందట ఎంత, ఇప్పుడు ఎంత అని చెప్పగలిగేది కొలత ఒక్కటే. ప్రసారకేంద్రాలలో ట్రాన్స్‌మిటరు దగ్గర మీటర్లు వరుసగా అమర్చి, వాటి ముళ్లు చూపే అంకెలను వేళ తప్పక వ్రాసిపెట్టడం ఇందుకే.

నేడు బ్యాంకులు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితాలు కంప్యూటర్ల మీద ఆధారపడి నడుస్తున్నవి. ఎక్కడో దూరాన గదులలో వందల సంఖ్యలో ఉండే ఆ యంత్రాల జ్వరాన్ని చేతితో తాకి తెలుసుకొనే వీలు లేదు. కనుక పరిశీలక సాధనాలు పుట్టినవి. ఒక సాధనం నిర్ణీత వ్యవధులలో ప్రతి యంత్రాన్నీ పలుకరించి, ఎంత పని జరుగుతున్నది, ఎన్ని కోరికలు నెరవేరక విఫలమైనవి అని అంకెలు సేకరించి, వేళతో సహా భద్రపరుస్తుంది. మరొకటి ఆ అంకెలను గీతలుగా, ముళ్లుగా ఒకే తెర మీద చూపుతుంది. మోటారు కారులో చోదకుని ఎదుట ఉండే పలక పేరే దీనికి పెట్టి డాష్‌బోర్డు అంటున్నారు.

మొదటి పనికి ప్రసిద్ధమైన ప్రొమీథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్ అనే సంస్థలో ప్రారంభమైనది. రెండవ పనికి పేరొందిన గ్రఫానాను స్వీడన్ దేశీయుడు టోర్కెల్ ఓడెగార్డ్ 2014 జనవరిలో లోకానికి అందించారు. ఆయన దానిని శూన్యం నుంచి సృష్టించలేదు. కిబానా అనే ప్రోగ్రాము మూడవ కూర్పు మూలపాఠం అందరికీ అందుబాటులో ఉండగా, దానిని తన అవసరానికి తగినట్లు మార్చుకొన్నారు. మన పండితుల భాషలో అది ఒక పాఠాంతరం. మూలపాఠాన్ని ఎవరైనా చదువవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు అనే ఈ పద్ధతినే ఓపెన్ సోర్సు అంటారు.

దీనివలన కలిగే మేలు ఒక ఉదాహరణతో తెలుస్తుంది. పరీక్షా ఫలితాలు వెలువడే ఉదయం ఒక యంత్రం అయిదు నిమిషాలు మూగబోయినదనుకొందాము. అంకె రాలేదు. తెర మీద ఏమి గీయాలి? సున్న చూపితే, వైఫల్యాలు లేవని కావలివారు నిశ్చింతగా కూర్చుంటారు. ముందు వెనుకల గీతను కలిపివేస్తే, ఏమీ జరుగనట్లే కనిపిస్తుంది. ఖాళీ విడిచిపెడితేనే అనుమానం కలుగుతుంది. కొడుకు వద్దనుంచి జాబు రాకపోవడం వేరు, క్షేమమని జాబు రావడం వేరు కదా! నేడు గ్రఫానాలో గీతను కలపడమా, ఖాళీ ఉంచడమా అని ఎంచుకొనే వీలున్నది. హెచ్చరికల విభాగంలో సమాచారం రాని స్థితిని ప్రత్యేకంగా గుర్తిస్తారు.

ఇటువంటి చిక్కులన్నీ ఒక్కరి ఊహకు అందేవి కావు. వాడుకొన్నవారే చెప్పాలి. ఏ కూర్పులో, ఏమి చేస్తే, ఏమి రావలసి ఉండగా ఏమి వచ్చినదో వివరంగా వ్రాసి పంపడమే మొదటి సేవ. శక్తి ఉన్నవారు తమ ప్రతిలో లోపాన్ని సవరించి, అది మరల తలెత్తకుండ ఒక పరీక్షను జోడించి పంపుతారు. తాళపత్ర ప్రతులను పోల్చి గ్రంథాన్ని పరిష్కరించే పండితుల వంటివారు అక్కడ ఉంటారు. వారు ప్రతి మార్పును చదివి, ప్రశ్నించి, సమ్మతమైతేనే మూలంలో చేరుస్తారు. ఒకేసారి పదింటిని దిద్దిన పెద్ద సవరణ కంటె ఒక్క లోపాన్ని దిద్దిన చిన్న సవరణ వారికి సులభగ్రాహ్యం.

వారి శ్రమకు మాత్రం హద్దు ఉన్నది. దోషాలు చెప్పేవారు వేలు, చదివి తీర్పు చెప్పేవారు కొద్దిమంది. పైగా అందరి శ్రమతో పెరిగిన దానిని ఒకరు మార్చుకొని, ఆ మార్పులను దాచుకొంటే న్యాయమా అన్న ప్రశ్న ఉండనే ఉన్నది. 2021లో గ్రఫానా తన అనుమతి నిబంధనలను మార్చినది. మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్కు ద్వారా ఇతరులకు వాడుకకు ఇచ్చేవారు, ఆ మార్చిన మూలపాఠాన్ని కూడ ఆ వాడుకరులకు అందజేయాలన్నది కొత్త నిబంధనలోని ముఖ్యాంశం.

ఈ విద్య నేర్చుకొంటున్న యువతీయువకులు మన ఇండ్లలోనూ ఉన్నారు. వారు గొప్ప యంత్రరచనతోనే ఆరంభించనక్కరలేదు. ఉపయోగించే విధానాన్ని తెలిపే పుటలలో తమకు అర్థం కాని వాక్యం ఒకటి తటస్థపడితే, అర్థమైన తరువాత దానిని తేటగా తిరిగి వ్రాసి పంపవచ్చు. తరువాత వచ్చేవాడు అక్కడ ఆగిపోడు.