ఈ నీరసం ఎక్కడి నుంచి వస్తోంది?

(తిరుత్తణి గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈ మధ్య గేటు దగ్గర ఎవరిని పలకరించినా ఒకటే జవాబు: "ఒంట్లో సత్తువ లేదన్నా." లేస్తూనే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, ఫ్రేము దగ్గర కళ్ళు తిరగడం. తిరువళ్ళూరు వైపు నుంచి వచ్చేవాళ్ళూ, ఇక్కడివాళ్ళూ ఇదే మాట. మేస్త్రీ దీనికి సోమరితనమని పేరు పెట్టాడు. మనవాళ్ళు దిష్టి అనో, వయసనో సరిపెట్టుకుని మందులషాపులో టానిక్కు సీసా కొనుక్కుంటున్నారు. అందుకని ఈ పూట జీతాల సంగతి పక్కన పెట్టి దీని గురించి మాట్లాడదామనుకున్నాం.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రింగ్ ఫ్రేములో పనిచేసే ఒక చెల్లెలు నీరసమని రెండు మూడుసార్లు మా దగ్గరికి వచ్చింది. "బాగా తినమ్మా, సర్దుకుంటుంది" అని పంపేశాం. కొన్ని నెలలకు మిషను పక్కనే పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 6. ఆడవాళ్ళకు 12 అయినా ఉండాలి, మగవాళ్ళకు 13. నెలనెలా రక్తం ఎక్కువగా పోతోందట, రెండేళ్ళుగా. మగవాళ్ళం కూర్చున్న ఆఫీసులో ఆ మాట ఎలా చెప్తుంది?

ఇది ఆమె ఒక్కతి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాట 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 53 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే ఒంటికి ప్రాణవాయువు చాలదు, గుండె రెట్టింపు కష్టపడుతుంది. అదే ఆయాసం. సంగటిలోకి మునగాకు, తోటకూర వండుకోండి, నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. అయితే 6కు దిగిపోయాక కూర ఒక్కటే చాలదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు నెలల తరబడి వేసుకోవాలి, రక్తం ఎందుకు తగ్గిందో కూడా కనుక్కోవాలి. షుగరు, థైరాయిడు కూడా మనిషిని ఇలాగే నీరసపెడతాయి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. అప్పుల బెంగతో నిద్రపట్టని వాళ్ళు కూడా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పుకోండి.

ఇక బ్లోరూము, కార్డింగు వాళ్ళు జాగ్రత్తగా వినండి. వారం సెలవు ముగించుకుని పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ బిగబట్టినట్టుంటే అది జలుబు కాదు, పత్తి దుమ్ము పని. దాని పేరు బిసినోసిస్. మొదట్లో దుమ్ముకు దూరమైతే తగ్గుతుంది. ఏళ్ళు గడిస్తే ఊపిరితిత్తులు మళ్ళీ మామూలు కావు. బీడీ తాగేవాళ్ళకు ఇంకా చెరుపు. ఇది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, నష్టపరిహారం అడిగే హక్కుంది. అందుకే డాక్టరు దగ్గర "నీరసం" అని ఊరుకోకండి. ఏ డిపార్టుమెంటు, ఎన్నేళ్ళు, ఏ షిఫ్టు, అన్నీ చెప్పండి. అడక్కపోయినా చెప్పండి.

దారం తెగకుండా లోపల తేమ పెడతారు కదా, ఆ తేమకు ఒంటి చెమట ఆరదు. పైగా మరుగుదొడ్డికి వెళ్తే మేస్త్రీ గొణుగుతాడని మన ఆడవాళ్ళు నీళ్ళే తాగడం మానేశారు. నైట్ షిఫ్టు దిగి రేకుల ఇంట్లో పగలు ఎంతసేపు పడుకోగలం? నిద్ర పట్టేలోగా షిఫ్టు మారిపోతుంది. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ మన హక్కు. కానీ ఆ రెట్టింపు కోసం ఓటీని మనమే అడిగి తీసుకుంటున్నాం. రోజు జీతం చాలితే ఎవరు అడుగుతారు? చూశారా, పక్కన పెట్టిన జీతాల సంగతి మళ్ళీ వచ్చింది.

1918లో మద్రాసు పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు మద్రాసు లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. అన్నం తినడానికి అరగంట చాలడం లేదన్నది అప్పటి వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి. మనం చేతిలో ముద్ద పట్టుకుని సైరను వినడం నిన్నమొన్నటి సంగతి కాదన్నమాట.

జీతంలో నూటికి ముప్పావు రూపాయి ఈఎస్ఐకి కోస్తున్నారు. ఆ కార్డు పెట్టెలో దాచుకోవడానికి కాదు. డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, చందా రోజులు సరిపోయినవాళ్ళకు ఏడాదిలో 91 రోజుల వరకు కూలిలో నూటికి 70 వంతు వస్తుంది. ఫారాలు నింపడం తెలియకపోతే ఆఫీసుకు రండి, మేం నింపుతాం.

ఆఫీసులో ఒక నోటుబుక్కు పెట్టాం. షిఫ్టు, ఓటీ గంటలు, ఎంతసేపు నిద్రపోయారు, రక్తపరీక్షలో ఎంత వచ్చింది రాయించండి. పేరు వద్దంటే డిపార్టుమెంటు రాస్తే చాలు. నీళ్ళు, మరుగుదొడ్లు, దుమ్ము గురించి మేనేజ్‌మెంటుతో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకమే బల్లమీద పెడతాం. సాయంత్రాలు ఇద్దరు అక్కయ్యలు ఆఫీసులో కూర్చుంటున్నారు. వాళ్ళలో ఒకరు ఆ రోజు మిషను పక్కన పడిపోయిన చెల్లెలే. ఇప్పుడు ఆమె హిమోగ్లోబిన్ 11.