ఒకటవ తరగతిలో శిశువు నేర్చున దేమి?

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన విద్యానిధి వృత్తాంతమును కార్యదర్శిగారు ఇప్పుడే చదివి వినిపించిరి. పదవ తరగతిలో ప్రథమశ్రేణి నందినవారికి బహుమానములు, కళాశాల విద్యార్థులకు వేతనములు, పట్టణమున వసతిగృహము: అన్నియు శ్లాఘ్యములే. ఆ పట్టికలో ఒకటవ తరగతి పేరు మాత్రము కానరాదు. అచట నేర్పునది అ ఆ లే కదా, దానికి నిధియెందుకని పలువురి తలంపు. నా యుద్యోగకాలములో నెక్కువభాగము ఆ పిల్లలతోడనే గడచినది గావున, అచట శిశువు నేర్చున దేమియో మీకు మనవి చేసికొందును.

ముందు పూర్వపు వీథిబడిని దలంతము. 1823లో బళ్లారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ దొర తన జిల్లాలోని బడులను గూర్చి పై యధికారులకు నివేదిక పంపెను. నేటి అనంతపురపు సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. ఆయన లెక్కలో బడులు 533. అందు తెలుగుబడులు 226. తెల్లవాఱగనే అందఱికంటె ముందు వచ్చిన బాలుని యరచేత సరస్వతి పేరు వ్రాసెడివారట; రెండవవానికి సున్న; మూడవవానికి ఒక దెబ్బ, నాలవవానికి రెండు, ఇట్లు వచ్చినకొలది హెచ్చు. కడపటివాని గతి మీరే యూహించుకొనుడు! పిల్లలు ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దెడివారు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పెడివారు. ఈ పద్ధతి ఇంగ్లండులో ననుకరింపబడినదని దొర మెచ్చుకొనెను. కాని మఱియొక మాటయు వ్రాసెను: బాలురు పద్యము లనేకము లప్పగింతురు గాని, వాని యర్థము చిలుకకెంత తెలియునో వారికిని అంతయే తెలియునని. రెండువందల యేండ్లు గడచినను ఆ మాట పాతబడలేదు. దెబ్బలను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. చిలుక మాత్రము తరగతిలోనే యున్నది.

మన వర్ణమాల మహాశాస్త్రము. క మొదలు మ వఱకు గల యైదు వర్గములును కంఠమున మొదలై పెదవులతో ముగియును. వ్యాకరణము చదివినవాడను గావున దానిపై నాకు గల భక్తి యింతింత గాదు. అయినను అది నోటికి దగిన వరుసయే గాని చేతికి దగినది గాదు. క, ఖ, గ లు దిద్దిన బిడ్డ ఘ యెదుట నిలిచి గుటకలు మ్రింగును. ఘ, ఝ, ఢ లు గల మాటలు వాని యింట మిక్కిలి యరుదు. చేతికి వేఱు బంధుత్వములు గలవు: ద, ధ, థ లొక కుటుంబము, ప, ఫ, ష లు మఱియొకటి, వ వచ్చినవానికి మ దూరము గాదు. వ, ల, త, ప, డ యను నైదక్షరములు వచ్చినచో వల, తల, పడవ, వడ యను మాటలు చదువవచ్చును. తాను చదివినది తాను తిను వడయే యని తెలిసిన బిడ్డ మొగము చూడదగినది! వ్రాతకు వెనుక మాట యున్నదని వాడా దినమున నెఱుగును. ఒకటవ తరగతిలో నేర్వవలసిన వానిలో నిదియే మొదటిది.

ఇందొక చిక్కు గలదు. శిశువు నోట నాడు బంధువుల పేర్లలో అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ, అన్నియు ఒత్తులు గలవే; మన పుస్తకములలో ఒత్తులు కడపట వచ్చును! కావున మంచి యుపాధ్యాయుడు క్రమము కొంచెము మీఱి, అమ్మ యను మాటను మొదటివారముననే పలకపై వ్రాసి బొమ్మవలె చూపును.

అంకెల విషయమున మన భాష మనకు తోడు. ఇరువదిమూడు అనగనే ఇరువదియు మూడును వరుసగా వినబడును. హిందీలో నూఱు వఱకు గల సంఖ్యానామములను చాలవఱకు విడివిడిగ కంఠస్థము చేయవలెను. చింతగింజలు పదేసి కుప్పలు పోయించిన చాలును. ఎక్కములు తరువాతి మాట.

ఇంటి మాటకు బడిలో గౌరవ ముండవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) సవర పిల్లల చదువుకై సవరభాషను నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసిరి. మనకంత శ్రమ యక్కఱలేదు. పుస్తకములో బొమ్మ క్రింద సొరకాయ యని యుండును. ఉత్తరాంధ్రపు బిడ్డ ఆనపకాయ యనును. తప్పన్న క్షణమున వాని నోరు మూతపడును. మరల తెఱపించుటకు నెలలు పట్టును.

మఱియొక పాఠము పుస్తకములో లేదు. ఇరుగుపొరుగువారిని దాటి పరుల ప్రక్కన మన బిడ్డ తొలిసారి కూర్చుండు చోటు ఆ తరగతియే. మధ్యాహ్నభోజనవేళ ప్రక్కవాని కంచము దెస చూచి చనవుగా కూర యడుగును. వాని కులమేమని యడుగ వానికి తోచదు. ఆ ప్రశ్న మన యిండ్లనుండి పోవలసినదే. కులసభలో నీ మాట తగునా యని కొందఱు తలంపవచ్చును. ఇచట గాక మఱి యెచట చెప్పుదును?

ఇక నిధి మాట. 2020 నాటి జాతీయ విద్యావిధానము మొదటి తరగతుల చదువును, లెక్కను అన్నింటికంటె ముందుంచినది. 2021లో కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ పేర, 2026-27 నాటికి ప్రతి శిశువును మూడవ తరగతి ముగియులోపల అర్థముతో చదువునట్లు చేయవలెనని సంకల్పించినది. నాలవ తరగతి పుస్తకము చదువు వచ్చినవానికై వ్రాయబడినది. రానివానికి అందలి విజ్ఞానము, సాంఘికము అన్నియు మూసిన తలుపులే. అట్టివాడు మన పదవ తరగతి బహుమానము దాక వచ్చుట దుర్లభము.

కావున విద్యానిధిలో నాలవవంతు ఒకటవ తరగతికై ప్రత్యేకింప ప్రార్థించుచున్నాను. పెద్ద యక్షరముల కథాపుస్తకములు కొనుడు. ఇంటరు చదివిన మన యూరి యమ్మాయి నొకతెను సాయంకాల మొక గంట పిల్లలతో గూర్చుండ నియమించి, గౌరవవేతన మిండు. ఆ గంటకు వాడలోని పిల్లలందఱును రావచ్చును. ఏ కులమని యడుగరాదు. సంవత్సరాంతమున పరీక్షకు వచ్చు పెద్దలు పద్యములు అప్పగింపుమనక, బిడ్డ యెన్నడును చూడని రెండు వాక్యములు కాగితముపై వ్రాసి యిచ్చి, చదివి తన మాటలలో చెప్పుమనవలెను. ఈ తీర్మానము వ్రాతమూలకముగా కోశాధికారిగారి కందజేసితిని. మధ్యాహ్నపు కార్యవర్గమున చర్చకు రానున్నది.