పొరుగింటి గొలుసు, మా ఇంటి పద్దు

 

గృహస్థ ధమ్మాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని సంఘం వారు మమ్మల్ని కోరారు. మేము పండితులము కాము. రైల్వే కొలువు చేసి విశ్రాంతి తీసుకుని, మౌలాలి ప్రాంతంలో చిన్న ఇంటిలో కాలం గడుపుతున్న దంపతులము. ఈ మాటలు ఇద్దరం కూర్చుని సిద్ధం చేసుకున్నవి. చదివే గొంతు ఒకటే అయినా, 'మేము' అన్నచోటల్లా ఇద్దరమని గ్రహించ ప్రార్థన.

సూత్రాల నుంచి మొదలుపెట్టడం సభా మర్యాద. కాని మాకు ఈ విషయం సూత్రాల నుంచి రాలేదు, గోడ అవతల నుంచి వచ్చింది. కనుక అక్కడి నుంచే మొదలుపెడతాము.

మా ప్రహరీకి ఆనుకుని ఉన్న ఇంటిలో మెట్ల కింద ఒక కుక్క ఉన్నది. దాని పేరు టైగర్. ఆ ఇంటి అబ్బాయి ముచ్చటపడి పిల్లగా తెచ్చుకున్నాడు. ఉద్యోగం వచ్చి పూణే వెళ్ళిపోయాడు. కుక్క మిగిలింది. దాని గొలుసు రెండు మూరలు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మెట్ల నీడ పక్కకు జరిగిపోతుంది, గొలుసు మాత్రం జరగదు. రోహిణి కార్తెలో ఆ బండల మీద మనం అరనిమిషం చెప్పులు లేకుండా నిలబడలేము. నీళ్ళ గిన్నె తరచుగా బోర్లాపడి ఉండేది. చెవుల నిండా గోమార్లు, వీపు మీద గజ్జి. పగలు మూలిగేది కాదు. రాత్రి పన్నెండు దాటాక సన్నగా, తెగకుండా మూలిగేది.

అదే సమయంలో మా ఇంటి పరిస్థితి కూడా చెప్పాలి. కోతలు పోగా మా చేతికి వచ్చే పింఛను నెలకు 31,000 రూపాయలు. అమ్మాయి నర్సింగు చదువుకు తీసుకున్న అప్పు వాయిదా 9,400. చిట్టీ 5,000. ఇద్దరి మందులకు 3,200. మిగిలిన 13,400 లోనే బియ్యం, గ్యాసు, కరెంటు, రాకపోకలు, పెళ్ళిళ్ళు, చావులు, విహారానికి చందా. పద్దు పుస్తకం రాయడం మాకు పెళ్ళయిన నాటి నుంచి అలవాటు. ఆ పుస్తకంలో ఒక ఏప్రిల్ నెలలో మొదటిసారి 'కుక్క' అన్న మాట పడింది: పాలు, గుడ్లు, రొట్టె. నెలాఖరుకు కూడితే 1,860 అయింది. ఆ నెల చిట్టీ వాయిదా నాలుగు రోజులు ఆలస్యమైంది. జీవితంలో ఒక్క వాయిదా తప్పని మాకు అది చిన్న విషయం కాదు.

రాత్రి రెండు గంటలకు ఇద్దరం లేచి కూర్చునేవాళ్ళం. ఒకరికి కుక్క దిగులు, మరొకరికి వాయిదా దిగులు. ఒక్కొక్క రాత్రి దిగుళ్ళు చేతులు మార్చుకునేవి కూడా.

ధ్యానానికి అడ్డుపడే అయిదు నీవరణాలలో ఉద్ధచ్చ కుక్కుచ్చం ఒకటని మనందరికీ తెలుసు. మనసు చెదరడం, చేసినదానికీ చేయనిదానికీ లోలోపల నలగడం. పాళీలో కుక్కను కుక్కుర అంటారు. ఆ మాటకూ కుక్కుచ్చానికీ సంబంధమేమీ లేదు. అయినా తెలుగు చెవికి రెండూ ఒకలాగే వినిపించి, ఒక అర్ధరాత్రి మాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు తరువాతే మేము సరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టామని చెప్పాలి.

మేము పడుతున్నది కరుణేనా? బుద్ధఘోషాచార్యులు విశుద్ధిమగ్గంలో ప్రతి బ్రహ్మవిహారానికీ ఇద్దరు శత్రువులను చూపించారు. ఒకరు దూరపు శత్రువు, ఒకరు దగ్గరి శత్రువు. కరుణకు దూరపు శత్రువు హింస. అది ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు గృహజీవితాన్ని ఆశ్రయించిన దుఃఖం. అది కరుణ వేషం వేసుకుని వస్తుంది కాబట్టి గుర్తుపట్టలేము. మా రాత్రి మూలుగు ఆ రెండవ రకమే. కుక్క గొలుసు ఒక్క జానెడు కూడా పొడుగు కాలేదు. మేము మాత్రం చాలా బాధపడ్డాము, ఆ బాధకు లోలోపల కొంత గర్వపడ్డాము కూడా.

ఇక్కడ మరొక మాట దాచకుండా చెప్పాలి. మా బంధువు ఒకరు, మాకంటే ముందు దీక్ష తీసుకున్నవారు, ఈ సంగతి విని మండిపడ్డారు. "మనవాళ్ళను కుక్కకంటే హీనంగా చూసిన దేశమిది. ఇప్పుడు మీరు కుక్కకు పాలు పోస్తారా?" అన్నారు. ఆ మాటను తేలికగా తోసేయలేము. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగిన నాడు, పశువులకు అడ్డులేని ఆ నీరు అంటరానివారికి అడ్డు. 1931లో బొంబాయిలో గాంధీగారితో మాట్లాడినప్పుడు కూడా ఆయన, పిల్లులకూ కుక్కలకూ ఉన్న పాటి మర్యాద లేని చోటును మాతృభూమి అని ఎలా అనుకోమంటారని అడిగారు. మా తాతగారి ఊరిలోనూ మంచినీళ్ళ బావి గట్టు మీద కుక్కలు పడుకునేవి. మా నాయనమ్మ మాత్రం దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే పట్టుకునేది.

కాని ఆ పోలికలో తప్పు ఎవరిది? నీళ్ళు తాగిన కుక్కది కాదు. ఎవరు తాగాలో ఎవరు తాగకూడదో నిర్ణయించిన మనిషిది. గొలుసు పొట్టిగా ఉంటే ఎలా ఉంటుందో తెలిసినవారికి, మరొక ప్రాణి మెడలో ఉన్న పొట్టి గొలుసు కనబడకుండా పోదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞలలో సకల ప్రాణుల పట్ల దయ చూపుతామన్నది కూడా ఉన్నది. తరువాతి సంవత్సరం వెలువడిన 'బుద్ధుడు, అతని ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ కరుణనూ మైత్రినీ విడదీసి చెప్పారు. కరుణ మనుషుల మీద ప్రేమ, మైత్రి అంతకు మించి సమస్త జీవుల దాకా వెళ్ళేది. మా బంధువుకు ఇంతా చెప్పాము. ఆయన ఒప్పుకోలేదు, భోజనం మాత్రం చేసి వెళ్ళారు.

జాతక కథలలో కుక్కుర జాతకమని ఒకటి ఉన్నది. రాత్రి వానకు తడిసిన రథం తోలు పట్టీలను కుక్కలు కొరికి తినేశాయి. రాజు కోపించి నగరంలో కుక్కలన్నిటినీ చంపమన్నాడు. రాజభవనంలోని జాతి కుక్కలకు మాత్రం మినహాయింపు. శ్మశానంలోని కుక్కల నాయకుడిగా పుట్టిన బోధిసత్త్వుడు నేరుగా వెళ్ళి రాజునే ప్రశ్నించాడు. భవనం కుక్కలకు మజ్జిగ, దర్భ కలిపి తాగించమన్నాడు. తాగిస్తే తోలు ముక్కలు కక్కాయి. పిల్లలకు చెప్పే కథే. కాని తప్పు లోపలిది, శిక్ష బయటివారికి అన్న సంగతి మన సమాజానికి వేరే వివరించనక్కరలేదు.

ఇక మా పొరపాటు దగ్గరకు వస్తాము. మేము చేసిందేమిటి? పొరుగాయన రాత్రి డ్యూటీకి వెళ్ళాక గోడ మీద నుంచి గిన్నె దించేవాళ్ళం. తెల్లవారకముందే పైకి లాగేసేవాళ్ళం. దానం చేస్తున్నామనే అనుకున్నాము. మే నెలలో ఒక తెల్లవారుజామున ఆయన తొందరగా ఇల్లు చేరి, తాడు కట్టిన గిన్నెను చూశాడు. గొడవ పెట్టుకోలేదు. "మా కుక్కకు మేము పెట్టుకోలేమనుకున్నావా అన్నా?" అన్నాడు, అంతే. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పది రోజులు మాట లేదు. అంతకన్నా ఘోరం, కుక్కను గోడకు దూరంగా మార్చి కట్టాడు. అక్కడ మధ్యాహ్నపు నీడ కూడా లేదు.

విహారంలో కొందరు మిత్రులు ఫిర్యాదు చేయమన్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండవ సెక్షను యజమాని తన జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని నేరమన్నది. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడాన్ని, మరీ పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టి ఉంచడాన్ని కూడా. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మా పాల ఖర్చు అంతకంటే ఎక్కువ! రాజ్యాంగంలోని 51ఏ అధికరణం ప్రాణుల పట్ల దయను పౌరుని ప్రాథమిక విధిగా చెబుతున్నది. కావాలని కొట్టి హింసించే చోట ఫిర్యాదు చేయవలసిందే, అందులో సందేహం లేదు. కాని మేము ఇంతవరకు ఆ మనిషిని ఒక్క మాట కూడా అడగలేదు. అడగకుండా చట్టం దాకా వెళ్ళడం మాకు మర్యాదగా తోచలేదు.

అందుచేత జ్యేష్ఠ పౌర్ణమి సాయంత్రం ఇద్దరం వెళ్ళి తలుపు కొట్టాము. ముందు క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన కుర్చీలు వేశాడు. అప్పుడు తెలిసింది: భార్య ఆపరేషనుకు ఒకచోట, కొడుకు చదువుకు మరొకచోట, ఆ రెండూ తీర్చడానికి రోజువారీ గిరిగిరి వడ్డీకి మూడవచోట అప్పు చేశాడు. రోజుకు 400 ఇంటి ముందుకొచ్చి పట్టుకుపోతారు. రాత్రి డ్యూటీ దిగి వస్తూనే పగలు ఒక గోదాములో కూలికి వెళుతున్నాడు. "దాన్ని చూస్తే నాకు కొడుకు గుర్తొస్తడన్నా. వదిలిపెట్టలేను, చూసుకోలేను" అన్నాడు. ఆ ఇంటిలో నిర్లక్ష్యానికి గురైనది కుక్క ఒక్కటే కాదు.

మరుసటి ఆదివారం మా పద్దు పుస్తకం పట్టుకుని మళ్ళీ వెళ్ళాము. ఆయన దగ్గర పద్దు లేదు. పాత క్యాలెండరు వెనుక రాయించాము. అప్పుడే సిగాలోవాద సుత్తం మాకు పనికొచ్చింది. సంపాదనను నాలుగు భాగాలు చేసి, ఒకటి అనుభవించమని, రెండు పనిలో పెట్టమని, నాలుగవది ఆపదకు దాచమని భగవానుడు చెప్పాడు. అప్పులో ఉన్నవాడికి ఈ లెక్క ఎక్కడ కుదురుతుందని పొరుగాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మేము మొదట గిరిగిరిని మూయాలన్నాము. ఆమె గొలుసు బ్యాంకులో పెడితే వచ్చే వడ్డీ దీనిలో చిన్న వంతు. ఆయనకు ఆ సంగతి తెలియక కాదు. పెళ్ళినాటి గొలుసు కుదవ పెట్టమని ఆమెను అడగడానికి నోరు రాలేదు. ఆ మాట ఆమే అన్నది. అప్పు లేకపోవడం గృహస్థుని నాలుగు సుఖాలలో ఒకటని అనాథపిండికునికి చెప్పిన సుత్తం ఉన్నది కదా. ఆ సుఖం ఆ ఇంటికి ఇంకా దూరంలోనే ఉన్నది, కాని రోజూ ఇంటి ముందుకు వచ్చే మనిషి మాత్రం రావడం మానేశాడు.

మరి మా 1,860 సంగతి? నాలుగు భాగాలలో దానం ప్రస్తావన లేదేమిటని మాకు చాలాకాలంగా సందేహం. అట్ఠకథ దానికి జవాబు చెబుతుంది: కుశల కర్మ చేయవలసింది అనుభవించే భాగం నుంచి. అంటే వాయిదా నుంచి కాదు, ఆపదకు దాచినదాని నుంచి కాదు. మనం తిని తాగి ముచ్చట తీర్చుకునే దానిలోంచే. ఇది చదివాక మా రాత్రి దిగులు సగం తగ్గింది. అంతవరకు మేము చిట్టీ డబ్బుతో దయ చూపుతూ, మా సాయంకాలపు మిర్చిబజ్జీలను మాత్రం భద్రంగా కాపాడుకుంటున్నాము. ఇప్పుడు నెలకు 600 అని గీత గీసుకున్నాము. పాలు లేవు, అన్నం, రెండు గుడ్లు, మా ఇంటి నీళ్ళు. మిగిలినది ఆయన వంతు, ఆయన పెడుతున్నాడు. గిన్నె ఇప్పుడు గోడ మీద నుంచి కాదు, వాకిలి నుంచి వెళుతుంది. కొలియ దేశంలో దీఘజాణునికి భగవానుడు చెప్పినట్లు, తక్కెడ పట్టుకున్నవాడు ఎటు వంగిందో చూసుకుంటూ ఉండాలి. పండ్ల కోసం మేడిచెట్టును దులిపేసినవాడిలా ఖర్చు చేస్తే కుక్కకూ మనకూ మూడో నెలకే ఏమీ మిగలదు.

వైద్యానికి ప్రభుత్వ పశువైద్యశాలకు ఆటోలో తీసుకువెళ్ళాము. ఇద్దరు పట్టుకుంటే గాని ఎక్కలేదు. గజ్జికి సూది వేశారు, గోమార్లకు మందు ఇచ్చారు. జూలై 6న జూనోసిస్ దినం నాడు రేబిస్ టీకా ఉచితంగా వేయించాము. ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాము, ఎందుకంటే ఆ రోజు చాలా చోట్ల ప్రభుత్వ పశువైద్యశాలల్లో టీకా ఉచితం. మన బస్తీల్లో చాలామందికి తెలియదు. అశోక చక్రవర్తి మనుషులకూ పశువులకూ రెండు విధాల వైద్యం ఏర్పాటు చేశానని రెండవ శిలాశాసనంలో రాయించాడు. ఆ శాసనం కర్నూలు సీమలోని ఎర్రగుడి బండల మీద కూడా ఉన్నది. విహారం తరఫున అక్కడికి యాత్ర వేయాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాము; కార్యదర్శిగారు వింటున్నారనుకుంటాము.

ఇప్పటి స్థితి ఇది. గొలుసు స్థానంలో ఎనిమిది మూరల తాడు వచ్చింది. పాత ఫ్లెక్సీ ఒకటి పందిరిలా కట్టాము. ఎన్నికల నాటిది, నాయకుడి ముఖం కుక్క వైపు ఉన్నది. సాయంత్రం వంతులవారీగా తిప్పుతున్నాము, ఆదివారం మాత్రం ఆయనే తిప్పుతాడు. కుడి చెవి పుండు ఇంకా మానలేదు. ఆయనకు రెండు అప్పులు మిగిలి ఉన్నాయి, మాకు అమ్మాయి అప్పు ఇంకా ఇరవై రెండు వాయిదాలు. మొన్న ఒకటో తేదీన ఆయన కొత్త పద్దు పుస్తకం కొనుక్కుని మా ఇంటికి వచ్చి, కుక్క ఖర్చు ఏ పద్దు కింద రాయాలన్నా అని అడిగాడు. మాలో ఒకరు ఇంటి ఖర్చు అన్నాము, ఒకరు దానం అన్నాము. ఇంకా తేలలేదు.

నమో బుద్ధాయ. జై భీమ్.