రచనకు ముందు వినికిడి

కథ వ్రాయుటకు ఊహ చాలునని పలువురందురు. మంచిర్యాల జిల్లాలోని మా జైపూరు వంటి బొగ్గుసీమలో ఊహ ఒక్కటే చాలదు. ఇచ్చటి సింగరేణి విద్యుత్కేంద్రము 1200 మెగావాట్లదని నివేదికలు తెలుపును. బొగ్గుబాయిలో దిగు కార్మికుని యలసట అందు దొరకదు.

అందుచేత రచన నేర్చుకొనుచున్న నేను రెండు నోటుపుస్తకములు ఉంచుకొందును. ఒకదానిలో చదివిన విషయమును, గ్రంథము పేరు, పుటసంఖ్యలతో వ్రాసికొందును. రెండవదానిలో పనివారి మాటలను వారు పలికినట్లే వ్రాసికొందును: బొగ్గు ఎత్తు చెమ్మసు, మోయు తట్ట. నిఘంటువు చూచుట ఆ తరువాత.

ఈ త్రోవ క్రొత్తది కాదు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపగించి ఊరకుండలేదు. 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో, కావ్యములనుండి సయితము ప్రజల తిండిని, ఆటలను, వేషములను వెలికితీసిరి.

నేను చేరబోవు క్రొత్త రచనాశిక్షణ నుండి కోరునది ఇంతే: అలంకారముల కంటె ముందు అడుగు విధమును, విను విధమును నేర్పవలెను. వ్రాసికొన్నదానిని చెప్పినవారికే చదివి వినిపించి దిద్దుకొను అలవాటు చేయవలెను. యంత్రములు వచ్చి తట్టయు చెమ్మసును మూలబడినవి. వాటితో బ్రదికిన తరము వృద్ధమగుచున్నది. వారి మాటలను ఇప్పుడే వ్రాసికొనవలెను.