బండెక్కమంటే ఏం చెప్తవ్‌?

నేను గోదావరిఖనిలో సైన్స్ టీచర్‌ని. వారానికో పీరియడ్ హెల్త్ క్లాస్ కూడా నాదే. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ ప్రోగ్రామ్ మొదలైంది కదా, అందులో 11 అంశాలున్నాయి. తిండి, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు, గాయాలు, ఇంకా చాలా. నాకైతే వీటన్నిటి అడుగున ఉన్నది ఒక్కటే అనిపిస్తది: నిర్ణయం తీసుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 జీవన నైపుణ్యాల్లో అదీ ఒకటి. వినడానికి బోర్‌గా ఉంది కదా? అందుకే ఒక్క క్లాస్ సంగతి చెప్తా.

తొమ్మిదో తరగతి. బోర్డు మీద ఇట్ల రాసిన: "ఎన్టీపీసీ దగ్గర దావత్. రాత్రి పది దాటింది. దోస్త్ వాళ్ల అన్న తాగి ఉన్నడు. బండి మీద ముగ్గురం పోదాం, ఫైవింక్లైన్ దాకా దించుతా అంటున్నడు. ఎక్కుతారా?"

"ఎక్కం సార్!" క్లాసంతా ఒకే గొంతు. పరీక్షల్లో అయితే ఫుల్ మార్కులు.

సరే, చేసి చూపించండి అన్న. ముగ్గురు అబ్బాయిలు ముందుకొచ్చిన్రు. రెండు కుర్చీలు బండి అయినయ్. అన్న వేషం వేసినోడు నవ్వుతా, "ఏందిరా, భయపడ్తున్నవా? రాజీవ్ రహదారి ఖాళీగా ఉంది, పది నిమిషాలు" అన్నడు. అందరూ నవ్విన్రు. మూడో పిల్లగాడు ఒక్క మాట మాట్లాడలేదు. తల వంచుకుని వచ్చి కుర్చీ ఎక్కి కూర్చున్నడు.

నాకు నవ్వు రాలేదు. పదిహేడేళ్లప్పుడు నేను కూడా అట్లనే ఎక్కిన. నా కుడి మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. తాగి నడపొద్దని, బండి మీద ఇద్దరికి మించి ఎక్కొద్దని నాకు తెలవకనా? తెలుసు. నోట్లోంచి మాటే రాలేదు.

మా దగ్గర చాలామంది పిల్లల నాన్నలు సింగరేణిలో చేస్తరు. వాళ్లనడిగిన, "గనిలో సర్దార్ కర్రతో కప్పు ఎందుకు తడ్తడు?" ఒకమ్మాయి టక్కున చెప్పింది: "గట్టిగుంటే ఖంగుమంటది సార్, డొల్లగా మోగితే పెళ్ల వదులైనట్టు. అక్కడికి ఎవ్వర్నీ పోనియ్యడు." కరెక్ట్. డొల్ల చప్పుడు విన్నాక ఏం చెయ్యాలో సర్దార్ అప్పుడు కూర్చుని ఆలోచించడు. ముందే నేర్చుకుని ఉంటడు.

ఇగ మళ్లీ మొదలుపెట్టినం. బండి ఎక్కకపోతే ఇంకేం దారులున్నయ్? పుస్తకం ప్రకారమైతే "నాన్నకు ఫోన్ చెయ్యాలి". ఒక పిల్లగాడు లేచి, "సార్, మా నాన్న సెకండ్ షిఫ్ట్. గని లోపల ఫోన్ ఉండదు" అన్నడు. అది నాకు తట్టనే లేదు! అప్పుడు నిజమైన జవాబులు బయటికొచ్చినయ్. పక్క క్వార్టర్ అంకుల్ నంబర్. దావత్‌కు పోకముందే ఆటో అన్నతో మాట్లాడిపెట్టుకోవడం. దోస్త్ ఇంట్లనే పడుకోవడం. ఒకడైతే "వాంతొచ్చేటట్టుంది అంట సార్" అన్నడు. అబద్ధం నేర్పుతున్ననా అని ఒక్క క్షణం ఆగిన. తర్వాత బోర్డు మీద అది కూడా రాసిన.

ఆ తర్వాత ఒక్కొక్కరు తమకు నచ్చిన మాటను గట్టిగా, ఐదేసి సార్లు అన్నరు. "మీరు పోండ్రి, నేను అంకుల్‌తో వస్త." మొదటిసారి అందరికీ సిగ్గే. ఐదోసారికి గొంతు పెరిగింది.

నెల తర్వాత అదే కుర్చీ పిల్లగాడు స్టాఫ్‌రూమ్ బయట నిలబడ్డడు. "సార్, నిన్న ఎక్కిన" అన్నడు. నా గుండె జల్లుమంది. "కానీ చౌరస్తా దగ్గర ఆపమని దిగిన. అక్కడికెళ్లి నడుసుకుంట పోయిన."

క్లాసులో చెప్పొచ్చా అనడిగితే సరేనన్నడు. ఎక్కడం తప్పని సగం మంది, దిగడం గొప్పని సగం మంది. బెల్ కొట్టేదాకా కొట్లాటే. ఈసారి ఎవ్వరూ ఒకే గొంతుతో జవాబు చెప్పలేదు.