అప్పును, అచ్చును



పూర్వము కొన్ని కావ్యములు మొదట సభలో వినిపింపబడి, పిమ్మట తాటాకు ప్రతులుగా వ్యాపించెడివి. మొదట శ్రోతలు, తరువాత ప్రతులు. ఆ క్రమము నేటికిని చెల్లుననుటకు కెనడా దేశపు కేట్ బీటన్ నిదర్శనము.

ఆమెది కేప్ బ్రెటన్ దీవిలోని మాబూ అను చిన్న గ్రామము. చదువుకై చేసిన అప్పు తీర్చుటకు 2005లో దూరముననున్న ఆల్బర్టా చమురు గనులలో కొలువునకు పోయెను. 2007 నుండి చరిత్రపురుషులపై హాస్యపు బొమ్మల కథలు గీసి అంతర్జాలమున ఉచితముగా నుంచెను. పాఠకులు పెరిగిరి. 2009లో తానే యొక పుస్తకము వేసికొనెను. 2011లో మాంట్రియల్ నగరపు డ్రాన్ అండ్ క్వార్టర్లీ సంస్థ ‘హార్క్! ఎ వేగ్రెంట్’ అను సంపుటమును ప్రకటింపగా, ఆమె బొమ్మలు పుస్తకముల యంగళ్లకు విస్తారముగా చేరెను. 2022లో వెలువడిన ‘డక్స్’ గ్రంథమున ఆ గనులలోని యొంటరితనమును, స్త్రీగా తాను పడిన బాధలను చిత్రించెను.

నేను లెక్కలు వ్రాయువాడను. అప్పు తీరగానే పద్దు కొట్టివేయుదుము. తీర్చినవారు ఏమి ధారపోసిరో వ్రాయుటకు మా పుస్తకమున గడి లేదు. ఆ గడిని ఆమె బొమ్మలతో నింపెను.

మన బిడ్డలును అప్పుచేసి చదివి దూరదేశములకు పోవుచున్నారు. వారు వ్రాసినది, గీసినది చేతివ్రాతయైనను సరే, దానికై ఈ రజతోత్సవమున నొక అలమార యర కేటాయింపుడని నా మనవి. వారికి తొలి పాఠకులము మనమే కావలదా?